మన వంటిల్లు: మాగబెట్టిన మాంసము, ఎండబెట్టిన మాంసము



ఎండలు ముదిరాయి. మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. దండేల మీదికి ఒరుగులు ఎక్కే కాలమిది. ఈ నెల మనము మాట్లాడుకోబోయేది, మనలో చాలామంది ఇష్టంగా తిని, పదిమందిలో పేరెత్తడానికి మాత్రం మొహమాటపడే వంటను గూర్చి. అదే పెద్దమాంసము.

ఆ మధ్య నల్లపాడులో ఒక ఇంటికి వెళ్లాము. గుంటూరులో నర్సింగు చదువుతున్న ఆ ఇంటి అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూసిందట. విదేశాలలో మాంసాన్ని వారాల తరబడి చల్లటి గదిలో మాగబెట్టి వండుకుంటారని అందులో చూపించారు. తానూ రెండు కిలోల ముక్క తెప్పించి, మూత లేకుండా ఫ్రిజ్జులో పెట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ఎనిమిదో రోజున తలుపు తీస్తే వాసన. ముక్క జిగురు పట్టి ఉంది. తండ్రికి పారేయడానికి మనసొప్పలేదు. "పైపైన కోసేసి, కారం దట్టించి ఉడికిస్తే ఏం కాదులే" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "డబ్బులు పోతే పోయినాయిరా. పిల్లలకేమన్నా అయితే ఎవరు తెచ్చిస్తారు?" అని ఆ ముక్కను తానే తీసుకెళ్లి, దొడ్లో గొయ్యి తీసి పూడ్చింది.

ఆ పెద్దామె చేసిన పని సరైనది. పాడైన మాంసంలో సూక్ష్మజీవులు విడిచే కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. కారం వాసనను కప్పుతుంది గాని విషాన్ని విరవదు.

మరి విదేశాలలో ఎలా కుదురుతున్నది? అక్కడ ఎముక, కొవ్వు తీయని పెద్ద పెద్ద ఖండాలను 0 నుండి 4 డిగ్రీల చలిలో, గాలి ఆడే ప్రత్యేకమైన గదిలో మూడు నాలుగు వారాలు వేలాడదీస్తారు. మాంసంలోనే ఉండే ఎంజైములు కండ పోగులను మెల్లగా తెంచి మెత్తబరుస్తాయి. నీరు కొంత ఆరిపోయి రుచి చిక్కబడుతుంది. పైన గట్టిపడిన పొరనంతా కోసి పారేస్తారు. మన ఫ్రిజ్జు తలుపు రోజుకు ఇరవైసార్లు తీస్తాము. అందులోనే పాలు, పచ్చడి, మల్లెపూలు. కరెంటు సంగతి సరేసరి. కాబట్టి ఇంటి ఫ్రిజ్జులో ఈ ప్రయత్నం చేయవద్దని మా మనవి. మాంసం మెత్తబడాలంటే మూత పెట్టి ఒక రాత్రి ఫ్రిజ్జులో ఉంచండి. వండే ముందు పచ్చి బొప్పాయి కాయ ముక్కను నూరి అరగంట పట్టించండి. ఆ కాయ పాలలోని పపైన్ కూడా కండ పోగులను తెంచేదే.

మనకు చలిగది లేదు గాని ఎండ ఉన్నది. పల్నాడు, ఒంగోలు వైపు మన పెద్దలు ఎండతోనే మాంసాన్ని నిలవ చేశారు. తెలంగాణలో వీటినే ఎండు తునకలంటారు. దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్, ఇథియోపియాలో క్వాంటా కూడా ఇటువంటివే. నీరు లేనిచోట సూక్ష్మజీవి పెరగలేదు. ఇదే ఇందులోని కిటుకు.

ఆ నాయనమ్మ చెప్పిన పద్ధతికి నేటి జాగ్రత్త ఒకటి చేర్చి ఇస్తున్నాము.

కిలో మాంసం కొవ్వు లేనిది తీసుకోండి. కొవ్వు ఎండదు, ముక్కిపోతుంది. పోగు వెంట పొడవుగా, చిటికెన వేలి మందానికి మించకుండా పట్టీలు కోయండి. 50 గ్రాముల ఉప్పు, చెంచాడు పసుపు, కొద్దిగా అల్లం వెల్లుల్లి పట్టించి రెండు గంటలుంచండి. ఇప్పుడు జాగ్రత్త: మరిగే నీటిలో వేసి, లోపలి ఎరుపు పోయేదాకా ఉడకనిచ్చి వార్చండి. పూర్వం ఇలా చేసేవారు కాదు గాని, ఇది పిల్లలున్న ఇంటికి క్షేమం. తరువాత ఒకదానికొకటి తగలకుండా దండెం మీద వేసి, ఈగలు వాలకుండా పలుచని బట్ట కప్పండి. మందు కొట్టిన మిరపకాయలు ఆరబోసిన పట్టాల మీద ఎన్నడూ ఆరబెట్టవద్దు. పొద్దు వాలగానే లోపలికి తీయండి. మంచి ఎండలో మూడు నాలుగు రోజులు పడుతుంది. వంచితే పటుక్కున చిట్లాలి. లోపల మెత్తగా ఉంటే ఇంకో ఎండ కావాలి. కిలోకు పావు కిలో నుండి మూడోవంతు వరకు మిగులుతుంది. తడిలేని డబ్బాలో పెట్టి, వానాకాలంలో అప్పుడప్పుడు ఎండ చూపించండి. బూజు కనిపిస్తే పారేయండి.

మాంసం ఎక్కడ కొన్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, దూడలను కోయరాదు. ఎద్దు, దున్న, గేదెలకు అధికారి ధ్రువపత్రం కావాలి. జబ్బు చేసి చచ్చిన పశువు మాంసం జోలికి అసలే పోవద్దు. దొమ్మ రోగపు బీజాలు ఎండకు చావవు, మామూలు వంటకూ చావవు. అటువంటి పశువును కోసిన చేతులకు కూడా ఆ రోగం అంటుకుంటుంది.

ఈ మాట మనకు కొత్త కాదు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరగారు బాప్తిస్మానికి వచ్చినవారికి పెట్టిన మూడు నియమాలలో, చచ్చిన పశువు మాంసం తినరాదన్నది ఒకటి. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. ఊళ్లో చచ్చిన గొడ్డును లాగివేయడం, ఆ తోలుతో చెప్పులు, మోటలు కుట్టి రైతులకివ్వడం మాదిగలకు ఊరు కట్టిన చాకిరి. ఆ మాంసం ఆ చాకిరిలో దక్కిన కూలి. దాన్ని మానుకోవడమంటే ఆకలికీ, ఊరివారి కోపానికీ సిద్ధపడడమే. వారు విడిచిపెట్టినది చచ్చినదాన్ని తినవలసి వచ్చిన బతుకును. శుభ్రంగా కోసిన మాంసాన్ని తమ డబ్బులతో కొని తినడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఇక వంట. గుప్పెడు ఎండు మాంసాన్ని వేడినీటిలో గంటసేపు నానబెట్టి, రెండుసార్లు కడిగి, రోట్లో నలగ్గొట్టండి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేగాక ఇది వేసి, కారం, ధనియాల పొడి చల్లి, నీళ్లు పోసి మెత్తగా ఉడకనివ్వండి. చివర గోంగూర గాని, దొరికితే చింతచిగురు గాని వేసి దగ్గరగా దించండి. ఉప్పు రుచి చూసి వేయండి, ముక్కలో ముందే ఉంటుంది. జొన్న సంకటికి ఇంతకు మించిన జత లేదు. ఈ మాంసంలో ఇనుము బాగా ఉంటుంది గనుక రక్తం తక్కువైన ఆడపిల్లలకు మంచిది. బి.పి. ఉన్న పెద్దలు మాత్రం తక్కువగా తీసుకోవాలి.

మేము బయలుదేరే వేళకు ఆ అమ్మాయి హాస్టలుకు సిద్ధమవుతున్నది. నాయనమ్మ ఇచ్చిన డబ్బాను సంచిలో బట్టల పైన పెట్టుకున్నది. "ఏమిటని అడిగితే ఏం చెబుతావమ్మా?" అన్నాము.

"ఇదివరకు అప్పడాలని చెప్పేదాన్నండీ. ఈసారి మా నాయనమ్మ చేసిన ఎండు మాంసమని చెబుతాను" అన్నది.

మీ ఇళ్లలో ఎలా చేస్తారో మాకు రాయండి. ఆ ఇంటి పెద్దామెను కూర్చోబెట్టి అడిగి రాయండి.