గడపకు వచ్చిన పడుచురైతు



భారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజును కుశలప్రశ్నము లడుగుచు, నీ రాజ్యమున చెరువులు నిండియున్నవిగదా, సేద్యము వానమీదనే ఆధారపడి లేదుగదా యని కూడ అడిగెను. వానవలన బ్రతుకు నేలను దేవమాతృక యనియు, ఏటినీటివలన బ్రతుకు నేలను నదీమాతృక యనియు పెద్దలు చెప్పిరి. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన కోనసీమ నదీమాతృక. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప మన పొలములకు కాలువనీటి భరోసా కలిగినది. ఇక ఆకాశమువంక చూడనక్కరలేదని మన తాతలు అనుకొనియుందురు. నేడట్లు అనుకొనుటకు వీలులేదు. మనకు వచ్చిన చిక్కు నీటికరవు కాదు. నీరు కాలముగాని కాలమున వచ్చుట, వచ్చినది పోకుండుట, తియ్యనినీరు ఉండవలసిన చోట ఉప్పునీరు చేరుట, ఇవియే నేటి చిక్కులు.

1996 నవంబరు 6వ తేదీ గాలివానను చూచినవారు మరువలేరు. గోదావరి మండలమున వేయిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలినవి. నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును గనుక, ఒక్క రాత్రి పోయినది ఏండ్లతరబడి తిరిగిరాలేదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోనవద్ద తీరము దాటెను. 2022 జూలైలో గోదావరి వరద లంకగ్రామములను ముంచెను. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను చేతికి రావలసిన సార్వా వరిని నేల కొరగించెను.

ఏదో ఒక గాలివానను చూపి, ఇది భూతాపముచేతనే వచ్చినదని చెప్పుట తొందరపాటు. కాని బొగ్గును చమురును కాల్చుటచే గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు భూమిని వేడిచేయుచున్నదనియు, వేడెక్కిన సముద్రము గాలివానకు బలమును మేఘమునకు నీటిని హెచ్చుగా నిచ్చుననియు శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. 1901 మొదలు 2018 వరకు ప్రపంచమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, పెరిగినది. సముద్రపుటంచుననున్న పల్లపు నేలకు జానెడు చిన్న కొలత కాదు.

ఈ సంగతులను పల్లెలకు చెప్పు పని నేడు పడుచువారి చేతికి వచ్చుచున్నది. వ్యవసాయ కళాశాల విద్యార్థులు చివరి సంవత్సరమున కొన్ని నెలలు పల్లెలలో రైతులతో కలిసి పని నేర్చుకొందురు. మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుచున్న ప్రకృతి వ్యవసాయోద్యమమున, తన చేనిలో చేసి చూచిన రైతే పొరుగువారికి బోధకుడు. ఆ యుద్యమమునకు స్త్రీల పొదుపు సంఘములే ఆధారము. చదువుకొన్న యువతీయువకులు కొందరు పల్లెలలోనే కాపురముండి, తాము సాగుచేయుచు ఇతరులకు చెప్పుచున్నారు. ఆవుపేడ, మూత్రము, బెల్లము, పప్పుపిండి కలిపి జీవామృతము చేయుట, తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను పచ్చగా కప్పియుంచుట వీరు నేర్పు పనులు. 2024లో ఈ యుద్యమమునకు పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారము, నేలశాస్త్రజ్ఞుడైన రతన్‌లాల్‌తోను ఈజిప్టునందలి సెకెమ్ సంస్థతోను పంచుకొనుటకు లభించినది.

అయినను బహుమతులవలన పల్లెలో తలుపులు తెరచుకొనవు. మా వీధికి వచ్చిన యొక పడుచువానితో ఒక ముసలమ్మ, “వానలు మారిపోయాయని నువ్వు చెప్పాలా నాయనా? మా వంటింట్లోకి వచ్చిన నీళ్లే చెప్పాయి” అనినది. అందుకతడు, “చెప్పడానికి రాలేదు మామ్మగారూ. ఆ నీళ్లు ఎన్నాళ్లున్నాయో, ఎటు పోయాయో మీ దగ్గర తెలుసుకుందామని వచ్చాను” అనెను. ఆమె వెంటనే పీట వేసినది. బోధింపవచ్చినవాడు ముందుగా అడుగనేర్చుట మాకు మిక్కిలి నచ్చినది.

రెండవ గుణము మరింత ముఖ్యము. దైవికమేదో స్వయంకృతమేదో వేరుచేసి చెప్పవలయును. మురుగుకాలువలో గుర్రపుడెక్క పేరుకొని నీరు కదలనప్పుడు, దానిని వాతావరణపు మార్పని చెప్పినచో పల్లె నవ్వును. వరిచేల నడుమ ఉప్పునీటి చెరువులు త్రవ్వి, నూతినీరు ఉప్పనయ్యెనని సముద్రమును తిట్టుట న్యాయము కాదు. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము డ్రెయినునుండి ఉప్పునీరు ఎక్కి కొబ్బరితోటలు మోడువారినవి. అచ్చట కడలి పోటును, కాలువ బాగోగులును రెండును కలిపి చూడవలసియున్నది. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలకొలది యెకరములను ఊడ్వక విడిచిరి. గిట్టుబాటు ధర లేకపోవుట, కూలి పెరుగుట, ముంపునీరు పోకుండుట వారు చెప్పిన కారణములు. ఆ బాధలను విడిచి ఆకాశమునుగూర్చి మాత్రమే మాటలాడువానిని రైతు నమ్మడు.

మూడవది, చూపుట. మన పొరుగుననున్న మారుటేరు పరిశోధనాస్థానమున పుట్టి 1982లో విడుదలయైన స్వర్ణవరి మనకందరకు తెలిసినదే. ఒడిశాలోని యొక నాటువరికిగల ముంపునోర్చు గుణమును దానికి చేర్చి, స్వర్ణ సబ్-1 అను వంగడమును 2009లో విడుదల చేసిరి. అది రెండువారములవరకు నీట మునిగినను తిరిగి చిగుర్చును. మరియు వరిచేలలో ఎడతెగక నీరు నిలిచినచో మట్టికి గాలి సోకక మీథేను అను వాయువు పుట్టి భూమిని వేడిచేయును. దాళ్వాలో నీటిని తీసి, కొంత ఆరనిచ్చి, మరల పెట్టినచో ఆ వాయువు చాల తగ్గును. ఇట్టివానిని ఒక మడిలో చేసి చూపినచో నూరు ఉపన్యాసముల ఫలము కలుగును.

ఇక మనమాట. విత్తనము దాచునది, పశువును చూచునది, ఊడ్పునకు కలుపునకు పోవునది స్త్రీ. అయినను సభలో కుర్చీ పురుషునకు, బోధ పురుషునకు! పడుచువారు మన గడపకు వచ్చినపుడు, “మగవారు ఇంట లేరు” అని తలుపు మూయకుడు. వారి మాట వినుడు. మీకు తెలిసినది చెప్పుడు. తెలియనిది అడుగుడు. వచ్చినది ఆడపిల్లయైనచో మరింత ఆదరింపుడు. ఎండనబడి ఇల్లిల్లు తిరుగు పిల్లను వింతగా చూచు అలవాటు మనలోనే యున్నది.

ఇంతకంటె కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. పట్టణమున చిన్న యుద్యోగియైనను సరే, సేద్యము చేయువానికి మాత్రము పిల్లనియ్యమని మన యిండ్లలో అనుకొనుచున్నాము. చదివి పొలమునకు తిరిగివచ్చిన కొడుకును, చదువు వృథాయైనదని మనమే ఎత్తిపొడుచుచున్నాము. అట్లయినచో రేపు ఈ నేలనుగూర్చి పల్లెకు చెప్పువాడెవడు? చెప్పినను వినువాడెవడు? నారదుని ప్రశ్న నేడు రాజుకు మాత్రమే కాదు, ఇల్లాలికి కూడ వర్తించును. మీ యింట సేద్యము చేయు బిడ్డకు గౌరవమున్నదా? ఈ ప్రశ్నకు ఔనని చెప్పగల యిండ్లు పెరిగిననాడే కోనసీమ పచ్చదనమునకు కాపుదల కలుగును.