ఇసుక ఆటలో సైన్సు: ఎవరి పిల్లలకు?

సూరత్ శివారులోని డుమస్ బీచ్ రెండింటికి పేరుపడింది: నల్ల ఇసుకకు, దయ్యాల కథలకు. యూట్యూబ్‌లో దయ్యాలకే గిరాకీ ఎక్కువ. ఇనుము కలిసిన ఖనిజాల వల్ల ఇసుకకు ఆ రంగు వచ్చిందని, అయస్కాంతం తిప్పి చూడమని పిల్లలకు చెప్పేవారు తక్కువ.

మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో ఇసుకను కొలిమిలో వేస్తే గాజవుతుంది. 2011లో విడుదలైన ఈ ఆటంతా తవ్వడం, కట్టడం, కూల్చి మళ్లీ కట్టడమే. 'రెడ్‌స్టోన్'తో తలుపు తెరిపించే పిల్ల లాజిక్ సర్క్యూట్ నేర్చుకుంటున్నట్టే. ఈ ఆటలో మొదలు నరికినా చెట్టు పైభాగం గాలిలోనే నిలుస్తుంది. 'ఎందుకు పడలేదు?' అని అడగడమూ సైన్సే. 2016లో బడుల కోసం ప్రత్యేక ఎడిషన్ కూడా వచ్చింది.

అయితే ఇది ఎవరి పిల్లలకు? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. చేసి నేర్చుకోవడమే మేలైన చదువని ఇప్పుడు సెమినార్లలో చెబుతున్నారు. శతాబ్దాలుగా చేసి నేర్చుకున్న కులాలనేమో చదువుకు అనర్హులన్నారు. పని ఒకరికి, అక్షరం మరొకరికి పంచిన సమాజం మనది. చేతినీ బుర్రనూ కలిపే ఆట డబ్బున్న ఇళ్లకే చేరితే ఆ పాత పంపకమే తెర మీద కొనసాగుతుంది.

తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరాలుగా సూరత్ పవర్‌లూమ్‌లలో పనిచేస్తున్నారు. అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులూ నడుపుతోంది. జకార్డ్ మగ్గం అట్టలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. కంప్యూటర్ లెక్క కూడా ఈ ఉంది-లేదుల మీదే నడుస్తుంది. నేతపనివారి పిల్లలకు రెడ్‌స్టోన్ పాఠం ఈ అట్ట నుంచే మొదలుకావాలి.

ఖర్చు సాకు చెల్లదు. ఇలాంటిదే అయిన లువాంటి (పాత పేరు మైన్‌టెస్ట్) ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరిదీ, పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. బెంగళూరులోని ఒక బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ పేరిట కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపి చూపారు.

డుమస్ వెళ్లే రోడ్డు మీదే ఎస్‌వీఎన్‌ఐటీ ఉంది. అక్కడి తెలుగు విద్యార్థులు, అధ్యాపకులు ఆ బడులకు వారానికి రెండు గంటలు ఇవ్వగలరు. ఒక వారం తెర మీది ఇసుక, మరో వారం డుమస్ ఇసుక, చేతిలో అయస్కాంతం. దయ్యాల సంగతి పిల్లలే తేలుస్తారు.