క్యాంపస్ అయిపోయింది... ఇప్పుడు మీ క్యాంపు ఎక్కడ?

క్యాంపింగ్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? రీల్స్ చూసేవాళ్ళకైతే మారేడుమిల్లి అడవి, ఓ టెంటు, చలిమంట, బొంగులో చికెన్. రాత్రుళ్ళు ఫోన్‌లో గేమ్ ఆడేవాళ్ళకి వేరే అర్థం ఉంది. మేడ మీద గదిలో తలుపు వెనక నక్కి, ఎవడొస్తాడా అని తుపాకీ పట్టుకు కూర్చునేవాడు క్యాంపర్. "క్యాంపింగ్ ఆపరా బాబూ, బయటికి రా" అని తిట్టని స్క్వాడ్ ఉండదు. మా నాన్నకి మాత్రం క్యాంపు అంటే ఆఫీసులో పని కాలేదనే అర్థం. "సారు క్యాంపుకెళ్ళారండి, రేపు రండి" అనే మాట ఆయన ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

బీటెక్ అయ్యాక రెండేళ్ళపాటు నేను చేసింది ఈ మూడింట్లో రెండోది. తలుపు వెనక నక్కడం. ఆ సంగతి చెప్పే ముందు, ఈ మాట ఎక్కడ పుట్టిందో కాస్త చూద్దాం. ఎందుకంటే మీరు నాలుగేళ్ళు గడిపిన క్యాంపస్, ఈ క్యాంపు, రెండూ ఒక్క తల్లి పిల్లలే.

లాటిన్‌లో కాంపస్ అంటే మైదానం, చదునైన బయలు. రోమ్ నగరంలో సైనికులు కసరత్తు చేసే మైదానానికి కూడా అదే పేరు. ఆ మాట ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి సైన్యం గుడారాలు వేసుకుని దిగే చోటుకి క్యాంప్ అనే పేరు స్థిరపడింది. క్యాంపెయిన్, చాంపియన్ కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. కాలేజీ ఆవరణని క్యాంపస్ అనడం 18వ శతాబ్దంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మొదలైంది. సరదాకి టెంటు వేసుకోవడం ఇంకా కొత్త ముచ్చట. థామస్ హైరామ్ హోల్డింగ్ అనే దర్జీ ఇంగ్లండ్‌లో 1901లో సైకిల్ క్యాంపర్ల సంఘం పెట్టాడు. 1908లో క్యాంపింగ్ మీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

మనకీ మాటలకి కరువు లేదు. పెళ్ళివారికి విడిది. ఊరు మారితే మకాం. ఎక్కడన్నా తిష్ఠ వేస్తే డేరా. రక్తదానానికి, వరద బాధితులకి శిబిరం. ఇన్ని ఉన్నా క్యాంపు అనే మాట మన నోట్లో ఎక్కడ పడితే అక్కడ దూరిపోయింది. కంటి క్యాంపు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, క్యాంపు ఆఫీసు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని దించేసినప్పుడు ఆయన ఎమ్మెల్యేలను కర్ణాటక తీసుకెళ్ళి ఉంచిన దగ్గర్నుంచి క్యాంపు రాజకీయాలు మనకి బాగా అలవాటైన మాట.

కానీ గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. అది ఏ డిక్షనరీలోనూ కనపడదు. మీ బంధువుల్లో ఎవరో ఒకరు "క్యాంపులో ఉంటారు" అని విన్నారా? అక్కడ క్యాంపు అంటే ఊరు. నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయ్యాక నిజామాబాద్ వైపు, తుంగభద్ర డ్యాం నీళ్ళు 1953 నుంచి పారడం మొదలయ్యాక రాయచూరు, బళ్ళారి, గంగావతి వైపు మన డెల్టా రైతులు వెళ్ళారు. ఇక్కడ ఉన్న కొద్దిపాటి చెక్క అమ్ముకుని, అక్కడ తక్కువ ధరకి ఎక్కువ ఎకరాలు కొన్నారు. నల్లరేగడిలో నీళ్ళు కట్టి వరి పండించే పని వాళ్ళకి చేతనవును. కాలవ పక్కన పాకలు వేసుకున్నారు కాబట్టి జనం ఆ చోట్లను క్యాంపులు అన్నారు. పాకలు పోయి డాబాలు, బడులు, గుళ్ళు వచ్చాయి. పేరు మాత్రం పోలేదు. సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో ఈ రోజుకీ ఊరి పేరు చివర క్యాంపు ఉంటుంది. ఆ కథకి రెండో వైపు కూడా ఉంది. అంత చవగ్గా భూములు అమ్ముకున్న స్థానిక రైతుల్లో కొందరు తర్వాత ఆ పొలాల్లోనే కూలికి వెళ్ళారు. అది కూడా మరిచిపోకూడదు.

ఇప్పుడు నా సంగతి. క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌లో నాకు ఉద్యోగం రాలేదు. బ్యాగు సర్దుకుని అమీర్‌పేటలో దిగాను. గదికి నలుగురు ఉండే హాస్టల్. ముందు టెస్టింగ్ టూల్స్ నేర్చుకున్నా. అది అయ్యాక జావా ఫుల్‌స్టాక్. అదీ అయ్యాక "మార్కెట్ అంతా డేటా సైన్సేరా" అన్నారు, అందులో చేరా. కోర్సు అయిపోతుంటే భయం వేసేది, ఇక అప్లై చెయ్యాలి కాబట్టి. ఇంకో కోర్సులో చేరితే మూడు నెలలు ఆ భయం ఉండేది కాదు. నాన్న కౌలు రైతు. దాళ్వా డబ్బులు వచ్చినప్పుడు ఒకసారి, రానప్పుడు అప్పు చేసి ఒకసారి పంపేవాడు. ఊళ్ళో ఎవరన్నా అడిగితే అమ్మ "ట్రైనింగ్‌లో ఉన్నాడండి" అనేది. రెండేళ్ళు అదే మాట.

ఆ రోజుల్లోనే ఓ పెళ్ళికి సింధనూరు దగ్గర క్యాంపుకి వెళ్ళాం. అక్కడ మా తాతకి అన్న వరసయ్యే పెద్దాయన ఉన్నారు. కన్నడం, గోదావరి తెలుగు కలిపి మాట్లాడతారు. "పాకలో ఎలా ఉన్నారు తాతా, భయం వెయ్యలేదా?" అని అడిగా. ఆయన నవ్వి, "భయం ఎందుకు వెయ్యదురా! అందుకే లెక్కేసుకుని వచ్చాం. మొదటి పంట ఎప్పుడు చేతికొస్తుంది, అప్పటిదాకా తిండికి ఎంత అని. వరసగా రెండు పంటలు పోతే తిరిగి వెళ్ళిపోదామని ముందే అనుకున్నాం" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ నీ పంట ఎప్పుడు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయనది క్యాంపు. నాదీ క్యాంపే. ఆయనకి గడువు ఉంది, నాకు లేదు. తేడా అంతే.

అందుకే ఇప్పుడు అశోక్‌నగర్‌లోనో, కూకట్‌పల్లిలోనో, రాజమండ్రి కోచింగ్ హాస్టల్లోనో ఉన్న మీకు ఒక్క మాట చెప్పాలనిపించింది. ఆగి ప్రిపేర్ అవ్వడం తప్పు కాదు. నాలుగు నెలలు కూర్చుని గట్టిగా చదివితే తప్ప రాని ఉద్యోగాలు ఉన్నాయి. మార్కెట్ బాగోకపోతే అది మీ తప్పు కూడా కాదు. కానీ డేరా వేసేటప్పుడే ఎప్పుడు పీకాలో రాసి పెట్టుకోండి. నెలకి ఖర్చెంత, ఎన్నాళ్ళు మొయ్యగలరు అన్నది ఇంట్లో కూర్చుని నోరు విప్పి మాట్లాడండి. కోర్సు పూర్తయ్యాక అప్లై చేద్దాం అనుకోకండి. సగంలో ఉండగానే మొదలెట్టండి. పది ఇంటర్వ్యూల్లో పోయినా, మీకు ఏం రాదో ఆ పదీ చెబుతాయి. ఇంకో కోర్సు ఆ సంగతి చెప్పదు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళయినా అంతే. ఎన్ని నోటిఫికేషన్లు చూస్తారో ముందే అనుకోండి. ఆ తర్వాత ఏం చేస్తారో కూడా అనుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపులో ఏడు రోజులు ఏదో పల్లెటూళ్ళో ఉండి వచ్చారా? ఎన్‌సీసీ క్యాంపు చేశారా? రెజ్యూమెలో "పాల్గొన్నాను" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. ఎంతమందికి వంట చూశారు, ఏ వీధిలో ఏం సర్వే చేశారు, ఎక్కడ తేడా వస్తే ఎలా సర్దారు అన్నది రాయండి. ఫ్రెషర్ దగ్గర చెప్పుకోవడానికి ఉండే నిజమైన అనుభవం చాలాసార్లు అదొక్కటే.

పెళ్ళి నుంచి వచ్చిన మూడో నెల నేను హాస్టల్ ఖాళీ చేశా. కాకినాడలో ఓ చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం. జీతం ఎంతో చెబితే నా రూమ్మేట్లు నవ్వారు. ఏడాదిన్నర తర్వాత అక్కడ నేర్చుకున్న పనితోనే ఇప్పుడున్న ఉద్యోగం వచ్చింది. మూడు కోర్సుల సర్టిఫికెట్లు ఎవరూ అడగలేదు.

క్యాంపస్ అన్నా, క్యాంపు అన్నా మొదటి అర్థం మైదానమే. గది కాదు. మీరిప్పుడు ఏ హాస్టల్ మంచం మీద కూర్చుని ఇది చదువుతున్నారో నాకు తెలీదు గానీ, మా పెద్దతాత అడిగిన ప్రశ్న మాత్రం మీకు కూడా అడుగుతున్నా. మీ పంట ఎప్పుడు? తేదీ వేసి చెప్పండి. నాకు కాదు, మీ ఇంట్లో వాళ్ళకి.