యూరియాతో ఎత్తు వస్తుంది, చేవ రాదు

కలప తోట అనగానే ఇప్పుడు అందరి నోటా ఒకటే లెక్క: ఎకరాకు ఎన్ని మొక్కలు, ఎన్నేళ్లకు ఎన్ని లక్షలు. మహాగని మొక్కలు అమ్మేవాళ్లు చూపించే ఆ లెక్కలో నేల ఊసే ఉండదు. నాలుగు వానలు పడగానే రైతు యూరియా బస్తా విప్పుతాడు. మొక్క ఎగబాకుతుంటే ఇంటిల్లిపాదికీ సంబరమే.

పురుగుకూ సంబరమే. మహాగని కొనచిగురును తొలిచే ఈ పురుగును శాస్త్రవేత్తలు హిప్సిపైలా రోబస్టా అంటారు. రెక్కల పురుగు లేత చిగురు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి దూరి, మెత్తటి బెండును తింటూ కిందికి దిగుతుంది. దగ్గరికెళ్లి చూస్తే కొన వడలి వేలాడుతూ, రంధ్రం దగ్గర పొట్టూ జిగురూ ముద్దకట్టి కనిపిస్తాయి. చెట్టు చావదు. కొన పోయినచోట రెండు మూడు పిలకలు లేచి పంగ పడుతుంది. నిలువు దుంగ మీద పెట్టుకున్న ఆశ అక్కడితో సరి.

నత్రజని ఎక్కువైతే చిగుళ్లు ఒక్కసారిగా పొంగుతాయి, కణాల గోడలు పలచబడతాయి, రసంలో పురుగు కోరుకునే అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పొటాష్ కూడా చాలకపోతే అవి మాంసకృత్తులుగా మారక ఇంకా పోగుపడతాయి. కణాన్ని కణానికి అతికించేది కాల్షియం. వేరు పీల్చిన నీటితోపాటే అది పైకెక్కాలి. ముదురాకులో చేరింది తిరిగి చిగురుకు రాదు. చిగురు మరీ తొందరపడితే కాల్షియం వెనకబడుతుంది.

టేకుకైతే కాల్షియం ఉన్న సున్నపు నేలంటే ప్రాణం. ఆమ్ల నేలలో గిడసబారుతుంది. టేకుకూ పురుగు బెడద తప్పదు. కేరళలోని నిలంబూరులో 1840ల నుంచే టేకు తోటలున్నాయి. అక్కడి లేత తోటల్లో, రావాల్సిన కలపలో 44 శాతం ఆకుతినే పురుగు పాలవుతోందని కేరళ అటవీ పరిశోధన సంస్థ తేల్చింది. ఆకంతా పోయాక చెట్టు మళ్లీ చిగురించాలి కదా, ఆ సరుకు ఇవ్వాల్సింది నేలే.

అలాగని ఎరువును పురుగుమందు అనుకోకూడదు. బాగా మేపిన మహాగనినీ పురుగు వదలదు. అయితే దెబ్బ తగిలాక ఒక్క పిలక ఉంచి మిగతావి కోసేస్తే, సత్తువున్న నేలలోని చెట్టు దాన్ని త్వరగా నిటారుగా లేపుతుంది. ఏం వేయాలన్నది నేలను బట్టి ఉంటుంది. నల్లరేగడి రైతుల్లో చాలామందికి సున్నంతో పనిలేదు. అక్కడ అది ఎక్కువై జింకు, ఇనుము అందకపోవడమే బాధ. తేలిక ఎర్రనేలల వాళ్లు పొటాష్, బోరాన్ చూసుకోవాలి. బోరాన్ కాస్త ఎక్కువైనా విషమే కాబట్టి మోతాదు చెప్పాల్సింది భూసార పరీక్ష, ఎరువుల కొట్టు కాదు.

టేకు బెరడులోనూ కాల్షియం దండిగా ఉంటుంది. కోత రోజున దుంగలతోపాటు అదీ లారీ ఎక్కుతుంది. తోటలోనే బెరడు ఒలిపించి, ఆకుకు నిప్పు పెట్టకుండా వదిలితే, తర్వాత నాటే మొక్కకు కొంత మిగులుతుంది. ఈ షరతు కలప వ్యాపారి చేత రాయించుకున్న రైతు నాకింకా తారసపడలేదు.