వంగిన వెన్నుకు గుత్త గడువు

ఉభాలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడకూలీ తెల్లారేసరికి మడిలో దిగుతుంది. ఆకు తీత, నాటు, ఆ తరువాత కలుపు, కోత. అన్నీ నడుం వంచి చేసే పనులే. ఏళ్లు గడిచేసరికి మెడ ముందుకొస్తుంది, భుజాలు లోపలికి ముడుచుకుంటాయి, పైవీపు గుండ్రంగా తిరుగుతుంది. అడిగితే ‘ముసిలితనం, ఏటి చేస్తాం’ అంటారు. నలభై ఏళ్లకే ముసలితనమా? మోతుబరి ఇంట్లో ఆ వయసుకు ఎవరి వీపు అలా వంగింది?

నొప్పికి మందుల షాపు బిళ్ల మింగి మళ్లీ మడిలోకి దిగుతున్నారు. ఇది మంచిది కాదు. నొప్పి బిళ్లలు అదేపనిగా వాడితే కిడ్నీలు చెడతాయి. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి ప్రమాదం మరీ ఎక్కువ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బును కళ్లారా చూస్తున్న మనకు ఇది వేరే చెప్పాలా?

గూని అంతా ఒకటి కాదు. వెల్లకిలా పడుకుంటే వీపు నేలకు ఆనుతుందా, తలచుకుంటే నిటారుగా నిలబడగలరా? అయితే ఎముక మారలేదు, కండరాలే బలం తగ్గాయి. ఇది నయమవుతుంది. గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడాలి. రెక్కలు వెనక్కి దగ్గరకు లాగి కాసేపు పట్టి వదలాలి. బోర్లా పడుకొని తల, రొమ్ము కొద్దిగా పైకెత్తాలి. రోజూ చెయ్యాలి, నెలల తరబడి చెయ్యాలి. వాతలు పెట్టించుకుంటే ఒళ్లు కాలడమే. కాని వెన్నులో ఒక్కచోటే ఎముక పొడుచుకొచ్చి, సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గడం, కాళ్ల తిమ్మిరి ఉంటే ఎముక క్షయ కావచ్చు. వెంటనే సర్కారు ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ క్షయ మందులు ఉచితం. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి.

అయితే రాత్రి గోడకు ఆనించిన వీపును పగలు గుత్త మళ్లీ వంచేస్తోంది. ఎకరాకు ఇంతని మాట్లాడుకున్నాక లేచి నిలబడితే కూలి పోయినట్టే. మేమూ ఇన్నేళ్లు రేటు కోసమే పోరాడాం గాని నడుం ఎత్తే గడువు అడగలేదు. ఒప్పుకోవాలి.

అమెరికాలో కాలిఫోర్నియా కూలీలు అడిగారు. అక్కడ పొట్టి పిడి పారతో రోజంతా వంచి పని చేయించేవారు. పొడుగు పిడి ఇస్తే పైరు పాడవుతుందని ఆసాములు వాదించారు. కూలీలు, డాక్టర్లు చెప్పింది విని 1975లో ఆ పారను నిషేధించారు. పొలాలేమీ బీడు పడలేదు.

మన దగ్గర వరస నాటులో నిలబడి నడిపే కలుపు పరికరాలున్నాయి. బురదలో అవి బరువే, అందరికీ సరిపోవు. నాటుకు మాత్రం గడువే కావాలి. వచ్చే ఉభాలకు గుత్త మాట్లాడే రోజున, పొద్దుటి పూట రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు గట్టెక్కి నడుం చాపుకుని నీళ్లు తాగే వేళను కూడా రేటులో కలిపి మాట్లాడాలి. మేస్త్రీ ఒప్పుకోకపోతే ఊరంతా కలిసి అడగాలి.