ఒక రాత్రికి బస

"సత్రం భోజనం, మఠం నిద్ర" అని ఒక సామెత. పనీపాటా లేక ఊళ్ళు పట్టి తిరిగేవాణ్ణి ఎత్తిపొడవటానికి నేడు దానిని వాడుతున్నారు. కాని ఆ సామెతలో ఎత్తిపొడుపు కంటె భరోసా ఎక్కువ. ఊరు కాని ఊళ్ళో, చుట్టం పక్కం లేనిచోట, చేతిలో కాసు ఆడని మనిషికి సైతం ఇంత అన్నం, ఇంత నీడ దొరకకపోవన్న ధీమా దానిలో ఉన్నది. ఆకలి వేసినవాడు ఏ గుమ్మం ముందు నిలవాలో, నిద్ర వచ్చినవాడు ఏ అరుగు ఎక్కాలో ఊరివారు చెప్పగలిగేవారు. నేటి మహానగరంలో బస్సు దిగిన మనిషికి సమస్తమూ కనబడుతుంది: ఆస్పత్రి, విశ్వవిద్యాలయం, కచేరి, పరీక్షాకేంద్రం. ఈ రాత్రి ఎక్కడ తల వాల్చాలన్న ప్రశ్నకు మాత్రం జేబు తడుముకోవటం తప్ప వేరే సమాధానం లేదు.

ప్రశ్న పైకి అల్పంగా తోస్తుంది. దాని బరువు తెలియాలంటే మరిపెడవంటి ఊరినుండి బయలుదేరాలి. వరంగల్లునుండి ఖమ్మం పోయే బాటమీది ఊరు అది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు వరంగల్లు జిల్లా విడిచి మహబూబాబాదు జిల్లాలో చేరింది. జనవ్యవహారంలో అది మరిపెడ బంగ్లా. నిజాం ఏలుబడిలో బంగళా అంటే బాటవెంట పర్యటనకు వచ్చిన అధికారి దిగే బస. ఆ విధంగా ఊరి పేరుకే ఒక బస తగులుకొని ఉన్నది. అయితే అది గుర్రమో మోటారో ఎక్కి వచ్చేవారి బస. ఊరి చుట్టూ ఉన్నవి లంబాడీ తండాలు. ఆ తండాలవారి పెద్దలు ఒకప్పుడు ఎడ్లమీద ధాన్యమూ ఉప్పూ వేసుకొని దేశాలు తిరిగినవారు. పొద్దు గుంకినచోట గోనెలు పేర్చి, ఎడ్లను కట్టి, నడుమ నిప్పు రాజేసి రాత్రి గడిపేవారు. వారు ఎవరినీ బస అడగలేదు. బసను తమ వెంటనే తీసుకొని నడిచారు.

అటువంటి తండాలో పుట్టి, బడికి నడిచి, పట్టా పుచ్చుకొన్న ఆడపిల్ల ఒకతె ఉద్యోగపు పరీక్షకు దరఖాస్తు పెట్టిందనీ, ఆమెకు విశాఖపట్నంలో కేంద్రం పడిందనీ అనుకొందాము. మహబూబాబాదు చేరి రైలెక్కాలి. పరీక్ష ఉదయం వేళ అయితే ముందటి రోజే ఊరు చేరి ఉండాలి. సాయంకాలం అయితే తిరుగు రైలు దొరికేదాకా ఎక్కడో కూర్చుని ఉండాలి. ఎటు చూచినా ఒక రాత్రి అడ్డం పడుతున్నది. స్టేషను ఎదుట లాడ్జీలకు కొరత లేదు. గుమాస్తా ముందుగా గుర్తింపుకార్డు అడుగుతాడు. అది న్యాయమే. తరువాత "వెంట ఎవరున్నారు?" అంటాడు. ఎవరూ లేరంటే గదులు ఖాళీ లేవంటాడు. పెద్దవయసు స్త్రీ ఒంటరిగా రాత్రి బసకు రాగూడదని ఏ శాసనమూ అనటం లేదు. ఆ శాసనం గుమాస్తా బల్లమీద పుట్టింది. కనుక తండ్రి వెంట వస్తాడు. ఇద్దరికి టిక్కెట్లు, ఇద్దరికి గది, పత్తి ఏరే రోజులయితే రెండు దినాల కూలి నష్టం. ఇంత లెక్క వేసుకొన్న తరువాత కొన్ని హాల్‌టిక్కెట్లు ఇంటి చూరులోనే ఉండిపోతాయి. వాటిని లెక్కించేవారు లేరు. గైరుహాజరు అయినవారి పట్టికలో కారణం వ్రాసే గడి ఉండదు కదా!

గది దొరకని మగపిల్లల సంగతి వేరు. వారు ప్లాట్‌ఫారం మీద పత్రిక పరుచుకొంటారు. పోలీసువాడు రెండుసార్లు లేపుతాడు, దోమలు తక్కినసార్లు లేపుతాయి. తెల్లవారి ఎర్రబడిన కళ్ళతో కంప్యూటరు ముందు కూర్చుంటారు. గది తీసుకొని పడుకొన్నవాడికీ వీడికీ ప్రశ్నపత్రం ఒకటే, గడియారం ఒకటే. దీనినే సమానావకాశం అంటున్నాము.

తెలుగుదేశంలో ఇది ఎప్పుడూ ఇంతేనా? వరంగల్లు వారికి చేరువలోనే ఒక సాక్ష్యం ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమయిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతా తిరుగుతారు. మధ్యాహ్నమయ్యేసరికి లక్ష్మణవజ్ఝల ఇంట పూటకూటికి పోతారు. సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు: ఇంతకూ వెల ఒక్క రూక. కవి వంటకాలతోపాటు వెలనుకూడా పద్యంలో పెట్టటం గమనించదగినది. రుచి చెప్పి ఊరుకొంటే అది వర్ణన అయి ఉండేది. వెల చెప్పటంవల్ల అది బాటసారికి పనికివచ్చే సమాచారమయింది. మహానగరంలో కొత్తవాడికి అన్నిటికంటె ముందు కావలసినది అదే: ఎంత పుచ్చుకొంటారో ముందుగా తెలియటం.

పూటకూటి ఇళ్ళు చిరకాలం నిలిచాయి. అనేకచోట్ల వాటిని నడిపినవారు విధవలు. వేరే ఆధారం లేని స్త్రీకి వంటచేయి ఒకటే మిగిలిన ఆస్తి. 1909లో పూర్తిరూపం దాల్చిన కన్యాశుల్కంలో గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురుకట్టతో వచ్చిన పూటకూళ్ళమ్మను చూచి నవ్వనివారు లేరు. నవ్వు చాలించి ఆలోచిస్తే, ఆ ఇంటికి యజమానురాలు ఆమె. అప్పు పెట్టినది ఆమె. వసూలుకు బయలుదేరినదీ ఆమె. కొత్త ఊళ్ళో ఆడది అడిగితే ఆడది తలుపు తీసే ఏర్పాటు ఒకటి, ఎంత చిన్నదయినా, ఉండేది. లాడ్జీ వచ్చి ఆ ఏర్పాటును తీసివేసింది. దాని స్థానంలో మరొకటి రాలేదు.

దూరప్రయాణాల సంగతి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చెబుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి, కాశీ సేవించి, తూర్పుతీరం వెంట తిరిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకొన్నాడు. మజిలీ మజిలీకి ఆయన కన్ను మొదట పడేది దిగటానికి చోటు ఉన్నదా, నీరు మంచిదేనా, అంగళ్ళు ఉన్నవా అన్న విషయాలమీద. పల్లకీ, పరివారం వెంట ఉన్న మనిషికే బస అంత ముఖ్యమయినప్పుడు మూటనెత్తిన పెట్టుకొని నడిచినవాడి మాట చెప్పనక్కరలేదు. ఆ మూటనెత్తివాడికోసమే ధర్మాత్ములు సత్రాలు కట్టించారు. 1782లో క్షామబాధితులకు గంజి పోయటానికి మద్రాసులో వెలసిన మణియగారు సత్రం క్రమంగా వైద్యశాలకు బీజమయింది. నేటి స్టాన్లీ ఆస్పత్రి దాని సంతతే. విశాఖలోకూడా టర్నరు అనే ఆంగ్లేయ కలెక్టరు పేరిట ఒక సత్రం వెలసింది.

ఇంతవరకు చదివి, పాతకాలమే మేలని ఎవరయినా నిట్టూరిస్తే వారిని అక్కడే ఆపాలి. సత్రం అందరిదీ కాదు. వంటశాల ఒక కులానికి, వసారా ఒక కులానికి, గేటు బయటి చెట్టు మరొక కులానికి. మాలమాదిగలకు చాలా సత్రాలలో చెట్టుకూడా దక్కలేదు. ఓరుగల్లు పూటకూటి ఇంటి ఆ కమ్మని భోజనం ఏ వర్ణాలవారి విస్తళ్ళలో పడిందో ఊహించటం కష్టం కాదు. నేటికీ పుణ్యక్షేత్రాలలో బస అడిగితే ముందు కులం పేరు చెప్పమనే సత్రాలు ఉన్నాయి. తమవారి సొమ్ముతో తమవారికి కట్టుకొన్నామని వారి వాదం. దీనితో పోల్చి చూస్తే స్టేషను ఎదుటి లాడ్జీయే ధర్మసత్రం కంటె ధర్మమయినది. గుమాస్తా డబ్బు చూస్తాడు గాని గోత్రం అడగడు. తండానుండి వచ్చిన తండ్రీకూతుళ్ళు డబ్బు కట్టి, తాళంచెవి పుచ్చుకొని, మేడమెట్లు ఎక్కగలగటం చిన్న మార్పు కాదు. కావలసినది సత్రాన్ని తిరిగి తెచ్చుకోవటం కాదు. సత్రపు వెల, లాడ్జీ సమదృష్టి ఒకేచోట ఉండటం.

వెల అనేసరికి ఒక పాత చట్టం జ్ఞప్తికి వస్తుంది. 1867లో బ్రిటిషు ప్రభుత్వం సరాయీల చట్టం చేసింది. సరాయి నడిపేవాడు గదులు, వసారాలు, కాలువలు, బావులు శుభ్రంగా ఉంచాలి. గోడలు, పైకప్పు బాగుచేయించాలి. తగినంతమంది కావలివారిని పెట్టాలి. పుచ్చుకొనే రుసుముల పట్టిక మేజిస్ట్రేటు చెప్పిన భాషలో, చెప్పిన చోట అందరికీ కనబడేటట్లు తగిలించాలి. పరాయి ప్రభుత్వానికి బాటసారిమీద జాలికంటె దొంగలమీద అనుమానం ఎక్కువ అయినా, పట్టిక తగిలించమనటం మంచి ఊహ. నేడు గది వెల గోడమీదనుండి చరవాణిలోకి పోయింది. పొద్దున ఒక వెల, సాయంత్రం ఒక వెల. ఊళ్ళోకి పరీక్షకు వేలమంది వస్తున్నారని తెలిసిన రోజున మరొక వెల. ఎవరికి అవసరం ఎక్కువో వారివద్దనే ఎక్కువ గుంజటం ఆ యంత్రం నేర్చిన గణితం.

బీదవాడికి బస చూపటం మహానగరాలకు అసాధ్యమా? దక్షిణ అమెరికాలో, లాప్లాటా నదీముఖంలో, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ అయిరిస్ రేవు ఉన్నది. ఓడలు దిగే వలసజనం కోసం ఆ ప్రభుత్వం 1911లో రేవు పక్కనే ఒక పెద్ద భవనం తెరిచింది. క్రింద భోజనశాల, పై అంతస్తులలో ఒక్కొక్కటి రెండువందలయాభై మంది పట్టే పడకశాలలు, స్త్రీలకు వేరు, పురుషులకు వేరు. అయిదు దినాలు ఉచితంగా తిండి, పడక. జబ్బు చేస్తే ఇంకా కొన్నాళ్ళు. పనులు చూపే కచేరీకూడా ఆ ఆవరణలోనే ఉండేది. 1953 దాకా అది నడిచింది. ఇప్పుడు వలసల ప్రదర్శనశాల. దీనిని చూచి ఆ దేశపు ఔదార్యానికి మురిసిపోనక్కరలేదు. ఖాళీ భూములకు కూలీలు కావలసివచ్చారు. అందులోనూ యూరపువారే రావాలని వారి రాజ్యాంగంలోనే వ్రాసుకొన్నారు. కాని అవసరమున్న రాజ్యానికి అయిదు దినాల బస భారం కాలేదన్నది నిజం. పరీక్ష పెట్టి పిలిచే ప్రభుత్వానికి పల్లెపిల్లలతో అవసరం లేదా? ఒక రాత్రికి చోటు చూపకుండా పిలవటం, పెళ్ళికి పిలిచి విడిది ఇవ్వకపోవటం వంటిది.

ఉపాధ్యాయులకు నచ్చదగిన ఉదాహరణ మరొకటి ఉన్నది. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకొని కాలినడకన విహారానికి పోతుండగా గాలివాన పట్టుకొన్నది. దారిలోని ఒక ఊరి బడిలో గడ్డి పరుచుకొని ఆ రాత్రి గడిపారు. పిల్లలు నిద్రపోయారు గాని పంతులుకు నిద్ర రాలేదు. సెలవుల్లో ప్రతి ఊరి బడీ ఖాళీయే కదా, నడిచివచ్చే పిల్లలకు దానినే బసగా ఇవ్వగూడదా అన్న ఆలోచన ఆ రాత్రి పుట్టింది. ముందు తన బడిలోనే ఆరంభించి, తరువాత ఆల్టెనా కోటలో స్థిరపరిచాడు. లోకమంతా పాకిన యువజన వసతిగృహాలకు మూలం ఇది.

మన నగరాలలో బడులు లేవా? సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, గురుకులాలు, కళాశాలల హాస్టళ్ళు ఎండాకాలమంతా తాళం వేసి ఉంటాయి. ప్రవేశపరీక్షలు ఎక్కువగా జరిగేది ఆ ఎండాకాలంలోనే. మంచాలు ఒకచోట ఎండుతుంటే మనుషులు వేరొకచోట నేలమీద పడుకొంటున్నారు. హాల్‌టిక్కెట్టు చూపినవారికి, పరీక్ష ముందటి రాత్రికి, పరీక్ష రాత్రికి, గోడమీద వ్రాసిన చిన్న రుసుముతో ఈ తలుపులు తెరవవచ్చు. ఆడపిల్లలకు బాలికల వసతిగృహాలు ఉండనే ఉన్నాయి. అక్కడి కావలివారు, అక్కడి సంరక్షకురాండ్రు కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు. తలుపు తీసేది మళ్ళీ ఒక స్త్రీ అవుతుంది. తండ్రి రెండు దినాల కూలి పోగొట్టుకోనక్కరలేదు.

బాధ్యత ఎవరిదని అధికారులు అడుగుతారు. ఏదయినా జరిగితే జవాబు ఎవరు చెప్పాలంటారు. ఆ ప్రశ్న న్యాయమయినదే. కాని ప్లాట్‌ఫారం మీద ఏదయినా జరిగితే ఎవరు జవాబు చెబుతున్నారో వారు ముందు చెప్పాలి. ఇక వీలు సంగతి ఉపాధ్యాయులను అడిగితే చాలు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పెట్టెలతో, కాగితాలతో ముందటి సాయంత్రమే తెలియని ఊరికి చేరి, ఆ ఊరి బడిలో రాత్రి గడిపినవారు వారిలో కొల్లలు. తుపాను వచ్చినప్పుడు తీరగ్రామాలవారిని అవే గదులలోకి చేర్చుతారు. బల్లలు గోడకు నెట్టటానికి ఇద్దరు మనుషులు, అరగంట. కుండలో నీళ్ళు, ఒక దీపం, చాపలు, స్నానానికి ఒక కొళాయి, గేటు దగ్గర రాత్రి మేలుకొని ఉండే ఒక మనిషి. ఉదయం ఆరుగంటలకు చాపలు చుట్టి మూల పెడితే, తొమ్మిదింటికి అదే గదిలో పాఠం చెప్పుకోవచ్చు.