కొమ్ము విరిచిన అక్షరాలు

పుల్లలచెరువు. మా మండలం పేరు. పైథాన్‌లో ఈ ఒక్క మాట రాసి, మాటలను ఏరి తెచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్’ నడిపి చూడండి. ప, ల, లలచ, ర, వ అని ఐదు ముక్కలు చేతిలో పెడుతుంది. కొమ్ములు లేవు, ఎత్వం లేదు, వత్తు విడిపోయింది.

మార్కాపురం పలక మీద దిద్దిన ఏ పిల్లవాణ్ణయినా అడగండి. పకు కొమ్మిస్తే పు. అది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో కొమ్ము ‘మార్క్’ కాబట్టి పైథాన్ దాన్ని మాటలోంచి వెలివేసింది.

అంతకన్నా ఘోరం మాట సరిహద్దు చూసే బ్యాక్‌స్లాష్ బి. దాన్ని రెండు పక్కలా పెట్టి ‘చెరువు’ వెతకండి. ‘చెరువు నిండింది’లో దొరకదు. ‘చెరువుగట్టు’లో దొరుకుతుంది! నేల దొరుకుతుంది, నీరు దొరకదు. నేల చివర గుణింతపు గుర్తు లేదు, నీరు చివర కొమ్ముంది, అంతే తేడా. తెలుగు అజంత భాష. కొమ్ముతోనో గుడితోనో ముగిసే మాటలు మనకు కొల్లలు. కొన్ని దొరికి కొన్ని దొరక్కపోతే, వెతికేవాడు తన టైపింగే తప్పనుకుంటాడు.

తప్పు అతనిది కాదు, వివరణ రాసినవాళ్లది. ఏ భాష మాటల్లో వచ్చే అక్షరాలనైనా చాలావరకు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ పట్టుకుంటుందని పైథాన్ 3 డాక్యుమెంటేషన్ ఏళ్ల తరబడి చెప్పింది. ఆ ‘చాలావరకు’లో మన గుణింతం లేదన్న ముక్క ఎందుకు రాయలేదు? మార్కులను కూడా మాటలో కలపమని యూనికోడ్ 18వ సాంకేతిక ప్రమాణం చెబుతోంది. దాన్నే చూపిస్తూ 2011లో పైథాన్‌పై ఫిర్యాదు నమోదైంది. ఆ తర్వాత ఎన్ని వెర్షన్లు వచ్చినా నరుకుడు ఆగలేదు.

ఎడిటర్లలో గందరగోళం రెట్టింపు. విఎస్ కోడ్‌లో తెరిచిన ఫైలులో వెతికితే పనిచేసేది జావాస్క్రిప్ట్ ఇంజిన్. ఆ డబ్ల్యూకి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు తప్ప మరేదీ కనపడదు. ఫోల్డరంతా వెతికితే రిప్‌గ్రెప్ అనే మరో ఇంజిన్ దిగుతుంది, తెలుగు మాట నిండుగా వస్తుంది. ఒకే ఎడిటర్, ఒకే గుర్తు, రెండు తీర్పులు! వెతికే పెట్టె పక్కన దీని గురించి ఒక్క మాట ఉండదు.

ఎడిటర్లు తయారు చేసేవాళ్లారా, ఆ పెట్టె పక్కనే రాయండి: ఇక్కడ పనిచేసే ఇంజిన్ ఏది, గుణింతాన్ని అక్షరంలో కలుపుతుందా, లేదా. తెలుగు చదువరులారా, అప్పటిదాకా ఆ డబ్ల్యూని నమ్మకండి. యూనికోడ్‌లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఉన్న మన అక్షరాల వరుసను మీరే రాసి వెతకండి.